లాతలాంత్ సినిమా నిద్రపోకుండా, మధ్యలో ఆపకుండా చూడటం ఎలా

ఈ సినిమా నేను మూడుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు వదిలేశా, ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. మొదటిసారి రైల్లో, అప్పర్ బెర్తు మీద, ఫోన్లో. ఇరవై నిమిషాలకే గురక. రెండోసారి లాప్‌టాప్‌లో, కానీ ఎక్కడో దొరికిన మసక ప్రింటు, సబ్‌టైటిల్స్ మనిషి మాట్లాడేశాక రెండు సెకన్లకి వచ్చేవి, అరగంట ఓపిక పట్టి మూసేశా. మూడోసారి మాత్రం రాత్రి పదకొండుకి హాల్లో టీవీ పెట్టి, లైట్లన్నీ ఆపేసి కూర్చుంటే మా ఆవిడ కూడా వచ్చి "బ్లాక్ అండ్ వైటా, పదినిమిషాలు చూసి పడుకుంటా" అని పక్కన కూర్చుంది, చివరిదాకా లేవలేదు. అంటే తప్పు సినిమాది కాదు, నేను చూసిన పద్ధతిదే అని అప్పుడు అర్థమైంది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలిదేంటో రెండు ముక్కల్లో. 1934 ఫ్రెంచ్ టాకీ. తీసింది జాన్ విగో అనే కుర్రాడు, అవును కుర్రాడే, పోయేనాటికి 29 ఏళ్ళు. కొత్తగా పెళ్ళైన జంట, మొగుడు సరుకు పడవ నడిపే సరంగు, పెళ్ళాం ఊరు దాటి ఎరగని పల్లెటూరి పిల్ల. కాపురం పడవ మీదే. పడవ పేరే లాతలాంత్. కొన్నాళ్ళు బానే ఉంటారు, తర్వాత చిరాకులు, అనుమానాలు, ఆ పిల్ల పారిస్ చూడాలని ఒక రాత్రి చెప్పకుండా దిగిపోతుంది, వాడు కోపంతో పడవ కదిలించేసి వెళ్ళిపోతాడు, ఇద్దరూ విడివిడిగా ఏడుస్తారు, చివరికి కలుస్తారు. అంతే కథ. చెప్పేశానని కంగారు పడొద్దు, దీనికి స్పాయిలర్ అనేదే లేదు. ఇంకా చెప్పాలంటే కథ ముందే తెలిసుంటే హాయి, "తర్వాత ఏమవుద్ది" అనే గోల వదిలేసి మొహాలు చూడొచ్చు.

మొదటి పని, సరైన ప్రింటు వెతుక్కోవడం. ఇదొక్కటి తప్పితే మిగతా సలహాలన్నీ వేస్ట్. ఎందుకంటే ఈ సినిమాని పుట్టగానే కోసేశారు. 1934 ఏప్రిల్లో డిస్ట్రిబ్యూటర్లకి, హాళ్ళ వాళ్ళకి వేసి చూపిస్తే ఎవరికీ నచ్చలేదు, దాంతో గోమోన్ కంపెనీ దాన్ని గంట పైచిలుకుకి కుదించి, మోరిస్ జోబేర్ కట్టిన సంగీతం చాలావరకు పీకేసి, ఆ రోజుల్లో జనం నోట్లో నానుతున్న ఒక హిట్టు పాట అందులో దూర్చి, సినిమా పేరు కూడా ఆ పాట పేరుకే మార్చేసింది, "ల షలాన్ కి పాస్" అని, అంటే అలా సాగిపోయే పడవ. తమాషా ఏంటంటే ఆ పాట అసలు ఇటాలియన్ పాట, పడవతో దానికి సంబంధమే లేదు, ఫ్రెంచ్‌లోకి తెచ్చుకున్నప్పుడు పడవ వచ్చి చేరింది. ఇన్ని చేసినా సెప్టెంబర్లో రిలీజైతే ఆడలేదు. అక్టోబర్ 5న విగో క్షయతో పోయాడు. తన సినిమాని తను తీసినట్టుగా జనం చూడటం ఆయన చూడనే లేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళు ముక్కలు అతికించుకుంటూ వచ్చారు. లండన్ ఆర్కైవ్‌లో ఒక పాత మంచి ప్రింటు బయటపడితే దాని ఆధారంగా 1990లో గోమోన్ వాళ్ళే బాగు చేయించారు (కోసిన చేత్తోనే కుట్టారన్నమాట), 2017లో మళ్ళీ ఫోర్ కే క్వాలిటీలో చేశారు. కాబట్టి మీకు దొరికినదాని నిడివి చూడండి. 85 నుంచి 90 నిమిషాల మధ్య ఉంటే కూర్చోండి. 65, 70 నిమిషాలంటే వద్దు, దిక్కుతోచని కోత అది. డిస్క్ కొనే అలవాటుంటే, పాత సినిమాల డిస్కులు వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్ళు 2011లో విగో తీసిన మొత్తం సినిమాలన్నీ ఒకే సెట్టుగా వేశారు, మొత్తం అంటే భయపడకండి, ఆయన జీవితంలో తీసింది నాలుగే, అన్నీ కలిపినా మూడు గంటలు దాటవు.

రెండోది, ఫోన్లో వద్దు. ఊరికే సినిమా పిచ్చోళ్ళు అనే మాట కాదిది, కారణం ఉంది. ఈ సినిమా సగం మసక వెలుతురులో, పొగమంచులో, రాత్రి నీళ్ళ మీద నడుస్తుంది. 1933 నవంబర్లో షూటింగ్ మొదలైంది, చలికాలమంతా బయటి సీన్లు కాలవ గట్ల మీదే తీశారు, ఎండ రాకపోతే పొగమంచునే సీన్లో కలిపేసుకున్నారు. కెమెరా బోరిస్ కాఫ్మన్, ఇరవై ఏళ్ళ తర్వాత ఈయనకే హాలీవుడ్‌లో ఆస్కార్ వచ్చింది. ఆ బూడిదరంగులో కూడా పది రకాలుంటాయి, ఫోన్ బ్రైట్‌నెస్‌లో అన్నీ ఒకటే మసిగుడ్డలా కనపడతాయి. టీవీ పెట్టండి, గదిలో లైటు తీసేయండి, టీవీలో ఆ వివిడ్ మోడ్ గట్రా ఆపేయండి.

సౌండ్‌కి వీలైతే హెడ్‌ఫోన్స్. 1934 నాటి రికార్డింగ్ కాబట్టి మాటలు గరగరలాడతాయి, దానికి ఎవరం ఏం చేయలేం, పైగా పడవలో పనిచేసే జూల్ అనే ముసలాడి మాట సగం గొణుగుడు, సబ్‌టైటిల్స్ కూడా అన్నీ పట్టుకోవు. పర్లేదు. వాడి మాటల కంటే వాడి గొంతు వినండి చాలు. పడవ ఇంజిన్ చప్పుడు వింటూ ఉంటే అదే మెల్లగా సంగీతంలోకి జారిపోయే చోటు ఒకటుంది, మొదట్లోనే. టాకీ వచ్చి ఐదారేళ్ళే అవుతున్న రోజుల్లో, అందరూ నటుల చేత గలగలా మాట్లాడించడమే టాకీ అనుకుంటున్నప్పుడు ఈ ఆలోచన ఎలా వచ్చిందో మరి. మనవైపు చూస్తే అదే 1934లో సి.పుల్లయ్య గారి లవకుశ వచ్చింది, అదీ మొగుడూ పెళ్ళాల ఎడబాటు కథే కదా, కాకపోతే అక్కడ పద్యం పాడి బాధ చెప్తారు, ఇక్కడ నోరు మూసుకుని పడుకుంటారు. ఏది గొప్ప అని కాదు. మన చెవి పద్యానికి అలవాటు పడింది కాబట్టి ఈ మౌనం మొదట ఖాళీగా అనిపిస్తుంది, అది తెలుసుకుని కూర్చుంటే సగం సమస్య తీరుతుంది.

మూడోది, మొదటి పదిహేను నిమిషాలు. రెండుసార్లూ నాకు ఆసక్తి పోవడం మొదలైంది ఇక్కడే. పెళ్ళి ఊరేగింపు చర్చి నుంచి పడవ దాకా నడిచి వస్తుంటుంది, ముందు ఇద్దరూ, వెనక నల్లబట్టల్లో బంధువులంతా, చూస్తే పెళ్ళిలా లేదు, ఎవర్నో సాగనంపుతున్నట్టుంది. నవ్వులు తక్కువ, విందు లేదు, పడవ దగ్గరికి రాగానే పిల్లని పడవ మీదకి చేరవేస్తారు, చుట్టాలు గట్టు మీద నిలబడిపోతారు, అంతే. మన వాళ్ళైతే "భోజనాలు లేవా" అని గొడవ చేసేవాళ్ళు. మా ఆవిడ ఇక్కడే మొబైల్ పక్కన పెట్టింది, "అప్పగింతలే కదండీ ఇది" అంది. నిజమే, అప్పగింతలే. నేను రెండుసార్లు చూసినా ఆ మాట తట్టలేదు. అలా చూడండి మొదటి సీను, పెళ్ళి సీనుగా కాకుండా అప్పగింతల సీనుగా, తర్వాత సినిమా అంతా వేరే తాళం చెవితో తెరుచుకుంటుంది.

ఆ వెంటనే సాయంత్రం పూట తెల్ల పెళ్ళిబట్టల్లో ఆ పిల్ల పడవ పైకప్పు మీద ఒంటరిగా నడుస్తుంది, పడవ ఒక వైపు పోతుంటే ఆమె ఇంకోవైపు. అక్కడ ఏమీ జరగదు, డైలాగు ఉండదు. స్కిప్ బటన్ మీద వేలు పెట్టకండి, దయచేసి. సినిమా మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన బొమ్మల్లో అదొకటి.

నాలుగోది ముఖ్యమైనది, విలన్ కోసం వెతకొద్దు. మనకి అలవాటు, కాపురంలో గొడవంటే అత్తో, ఆడపడుచో, ఇంకో ఆడదో ఉండాలి. ఇక్కడ ఎవరూ లేరు. సైకిల్ మీద సామాన్లమ్ముకునే ఒక జోకర్ లాంటి వాడు వచ్చి ఆ పిల్లని నవ్విస్తాడు, డాన్స్ చేయిస్తాడు, పారిస్ గురించి ఊరిస్తాడు, వాడు కూడా చెడ్డోడు కాదు. మరి గొడవ దేనికి? ఇరుకు. పడవ గది ఎంతుంటుందో గమనించండి, ఆ గది గోమోన్ స్టూడియోలో వేసిన సెట్టే అయినా ఎక్కడా పెద్దది చేయలేదు, తల పైకెత్తితే కప్పు తగిలేలా ఉంటుంది, అందులో ఇద్దరు మనుషులు, పని కుర్రాడు, జూల్, వాడి బోలెడు పిల్లులు. మంచం మీద పిల్లి ఈనుతుంది. బీరువా తెరిస్తే ఎన్నాళ్ళ నుంచో కుక్కి పెట్టిన మాసిన బట్టలు. రేడియోలో పారిస్ మాట వినపడితే ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది, మొగుడికి అది నచ్చదు. ఒక్కొక్కటి చూస్తే ఏదీ గొడవ పడేంత విషయం కాదు. అన్నీ కలిస్తే కాపురం.

సరంగు జాన్‌గా చేసినాయన జాన్ దాస్తే, పెళ్ళాం జూలియెట్‌గా దీతా పార్లో. ఇద్దరూ బానే చేశారు కానీ మొహమాటం లేకుండా చెప్తే జూల్ పాత్ర చేసిన మిషెల్ సిమోన్ వీళ్ళిద్దర్నీ మింగేస్తాడు. అప్పటికి ఆయనకి నలభై కూడా లేవు, ముసలి నావికుడంటే నమ్మేస్తాం. ఒళ్ళంతా పచ్చబొట్లు, మొహాన ఒక అసహ్యం, ఒక జాలి. జూలియెట్ వాడి గదిలోకి వెళ్ళే సీను వస్తుంది, సినిమా సగం లోపే, అక్కడ మాత్రం పాజ్ చేసి చేసి చూడొచ్చు. దేశదేశాల నుంచి తెచ్చుకున్న చెత్త అంతా ఉంటుంది, ఆడించే బొమ్మ, విసనకర్రలు, కత్తి, చివరికి చచ్చిపోయిన స్నేహితుడి చేతులు సీసాలో పెట్టుకుంటాడు మహానుభావుడు. ఆ పిల్లకి లోకం చూడాలని ఉంది, మొగుడు చూపించట్లేదు, ఈ గదిలో లోకమంతా చెత్తకుప్పలా పడి ఉంది. అదీ విషయం. మొగుడు వచ్చి ఆ సామాన్లు పగలగొడతాడు చూడండి, అది అసూయ అని అందరూ అంటారు, నాకైతే ఓడిపోయినోడి కోపంలా కనపడింది.

చిన్న పక్కదారి. గోదావరి, కృష్ణా కాలవల పక్కన పెరిగిన వాళ్ళకి ఈ సినిమా మిగతా వాళ్ళకంటే ఒక మెట్టు తేలిగ్గా ఎక్కుద్ది. లాకులు తెలుసు, చుక్కాని తెలుసు, గట్టు మీద నడిచే మనిషి పడవలోని మనిషితో కేకేసి మాట్లాడటం తెలుసు. మా తాతగారు చెప్పేవారు, లాకుల దగ్గర పడవ ఆగితే అక్కడే వంట, అక్కడే స్నానం, అక్కడే పోట్లాట అని. ఫ్రాన్సు కాలవైనా మన కాలవైనా పడవ కాపురం ఒకటే అనిపించింది, గట్టు మీద లోకం కదులుతుంటుంది, మనం అందులో లేం.

ఇప్పుడు నీళ్ళ సంగతి. సినిమా మొదట్లో జూలియెట్ ఒక మాట చెప్తుంది, నీళ్ళలో మొహం పెట్టి కళ్ళు తెరిస్తే మనం ప్రేమించిన వాళ్ళు కనపడతారని, నిన్ను నేను అలాగే ముందే చూశానని. జాన్ వెటకారంగా బకెట్లో తల ముంచుతాడు, ఏం కనపళ్ళేదంటాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఒక కాగితం మీద రాసుకోండి కావాలంటే, ఎందుకంటే సినిమా దీన్ని మళ్ళీ గుర్తు చేయదు, ఫ్లాష్‌బ్యాక్ వేయదు, ఆమె గొంతు ఎకో పెట్టి వినిపించదు. ఆమె వెళ్ళిపోయాక వీడు పిచ్చోడిలా తిరిగి తిరిగి ఒకసారి కాలవలోకి దూకేస్తాడు. అప్పుడు నీళ్ళ లోపల ఆ తెల్ల గౌను తేలుతూ వస్తుంది. మొదటి మాట మిస్సయితే ఇక్కడ "వీడెందుకు ఈతకొడుతున్నాడు" అనిపిస్తుంది, రైల్లో చూసిన నాకు జరిగేది అదే, అక్కడి దాకా మెలకువగా ఉంటే.

ఆ దూకుడికి ముందూ వెనకా గ్రామఫోన్ గోల ఒకటి నడుస్తుంది, అదీ వినాలి. జూల్ చెడిపోయిన గ్రామఫోన్ బాగు చేస్తుంటాడు, ఒకచోట రికార్డు మీద వేలు పెట్టి తిప్పితే పాట వస్తుంది, తీస్తే ఆగుతుంది, పెడితే వస్తుంది, మనమూ బిత్తరపోతాం, తీరా చూస్తే పక్కన కుర్రాడు అకార్డియన్ వాయిస్తున్నాడు. టాకీ అనే వింత మీదే వేసిన జోకు అది. నవ్వుకోండి. చివరికి అది నిజంగా మోగి, యజమానికి వినిపిద్దామని వీళ్ళు బయటికి తెచ్చేసరికి వాడు నీళ్ళలో ఉంటాడు.

ఐదోది, ఎవరితో చూడాలి. కొత్తగా పెళ్ళైన వాళ్ళతో అయితే సరదాగా ఉంటుంది, పదేళ్ళైన వాళ్ళతో అయితే మధ్యమధ్యలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. ఒక్కరే చూసినా పర్లేదు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు పెట్టొద్దు, బూతేం లేదు గానీ ఒక సీనుంది: ఇద్దరూ వేరే వేరే చోట, వేరే మంచాల మీద, నిద్రపట్టక దొర్లుతుంటారు, ఇద్దరి ఒంటి మీదా చుక్కలు చుక్కలుగా నీడలు పడుతుంటాయి, కెమెరా ఒకసారి ఇతన్ని ఒకసారి ఆమెని చూపిస్తుంది. ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోని ప్రేమ సీను, అయినా అది ప్రేమ సీనే. 1934లో. పక్కన మావయ్యగారు ఉంటే ఛానల్ మార్చేయాలనిపిస్తుంది.

పారిస్ భాగం మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. ఈఫిల్ టవర్ షోకులు ఉండవు. ఆర్థిక మాంద్యం రోజులు, పని కోసం బారులు తీరిన మగాళ్ళు, జూలియెట్ బ్యాగు కొట్టేసి పారిపోతున్న దొంగ, వాణ్ణి పట్టుకుని చితక్కొట్టే గుంపు. విగో నాన్న అరాచకవాది, అంటే సర్కారు అనేదే వద్దనే మనిషి, 1917లో జైల్లోనే పోయాడు, కొడుకు పన్నెండేళ్ళ వాడు అప్పుడు. అది మనసులో పెట్టుకుని చూస్తే ఆ ఊళ్ళో ఆకలి మొహాలు ఎందుకు అంతసేపు ఉన్నాయో తెలుస్తుంది. నాకు ఈ భాగం కాస్త తొందరగా లాగించేశారనిపించింది.

నాకు నచ్చని చోటు కూడా చెప్పాలి. చివర్లో జూల్ వెళ్ళి ఆ పిల్లని వెతికి పట్టుకుంటాడు, పాటలు వినిపించే ఒక షాపులో, ఆమె పడవ వాళ్ళ పాట పెట్టుకుని వింటుంటుంది. అక్కడిదాకా అద్భుతం. తర్వాత అమాంతం భుజాన వేసుకుని పట్టుకొచ్చేస్తాడు. వస్తావా అమ్మా అని ఒక మాట అడగొచ్చుగా? మా ఆవిడేమో ఆ పాట వింటున్నప్పుడే అడిగినట్టు, ఆమె ఒప్పుకున్నట్టు కదా అంటుంది. మేం దీని మీద ఇంకా తేల్చుకోలేదు.

చూసేటప్పుడు మధ్యలో ఒక బ్రేక్ తప్పదనుకుంటే, ఆమె పడవ దిగి పారిస్ వెళ్ళిపోయే చోట తీసుకోండి, నీళ్ళు తాగి రండి. అది కాకుండా ఇంకెక్కడ ఆపినా లయ పోతుంది. చివరి షాట్ అయ్యేదాకా లేవొద్దు, పైనుంచి, ఆకాశంలోంచి పడవని చూపిస్తారు, నీళ్ళు మెరుస్తుంటాయి. ఆ షాట్ తీసేనాటికి విగో మంచం పట్టి ఉన్నాడు, కాఫ్మన్ వెళ్ళి తీసుకొచ్చాడు.

ప్రపంచ విమర్శకులు ఓటేసే సైట్ అండ్ సౌండ్ పత్రిక టాప్ టెన్‌లో ఇది 1962లో ఉంది, 1992లో మళ్ళీ ఉంది, కానీ ఆ లెక్క చూసి కూర్చోకండి. గొప్ప సినిమా అనుకుని కూర్చుంటే ఎప్పుడు గొప్పగా ఉంటుందా అని ఎదురుచూస్తూనే అయిపోతుంది. మొగుడూ పెళ్ళాం పోట్లాట చూద్దాం అని కూర్చోండి.

అయ్యాక మర్నాడు వీలైతే విగో 1931లో తీసిన తారిస్ అనే చిన్న సినిమా చూడండి, ఒక ఈతగాడి మీద, పది నిమిషాలే. కొలనులో నీళ్ళ కింద మనిషిని ఎలా చూపించాలో అక్కడే నేర్చుకున్నాడు, జాన్ దూకిన సీనుకి విత్తనం అదే. అది చూశాక లాతలాంత్‌లో ఆ రెండు నిమిషాలు మాత్రం వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టుకోండి, ఈసారి సౌండ్ కొంచెం పెంచి.